సెంట్రల్ పార్కు: తవ్వినవాళ్లు, నిలబెట్టినవాళ్లు



న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ దీవి నడిమధ్యన, 843 ఎకరాల తోట ఒకటి ఉంది. రెండున్నర మైళ్ల పొడుగు, అర మైలు వెడల్పు. హైదరాబాదులో పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవారికి ఒక అంచనా చెప్పాలంటే, దానికి రెండింతలకు పైనే. అదే సెంట్రల్ పార్కు. న్యూజెర్సీలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన మన పెద్దవాళ్లు చాలామంది ఒక ఆదివారం పూట అక్కడ తిరిగి వచ్చే ఉంటారు. చుట్టూ ఎత్తైన మేడలు, మధ్యలో గుట్టలు, చెరువులు, గుబురు చెట్లు. ఊరు కట్టేటప్పుడు ఈ కాస్త అడవినీ ముట్టుకోకుండా ఉంచేశారు కాబోలు అనిపిస్తుంది చూసేవారికి.

ఆ చెరువులన్నీ మనుషులు తవ్వినవి. ఉత్తరాన అడవిలా కనిపించే చోట పారే వాగుకు మొదలు ఒక గొట్టం. బండరాళ్ల చాటున దాన్ని దాచారు. అందులోంచి వచ్చేవి ఊరి మంచినీళ్లు. పచ్చిక బయళ్ల కింద వాననీరు పోవడానికి గొట్టాలు పరిచి ఉన్నాయి. అక్కడక్కడా నేలలోంచి పైకి తేలిన నల్లటి పాత బండలు మాత్రం ఎప్పటినుంచో అక్కడివే. మిగిలినది దాదాపు అంతా చేతిపని. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ చేతిపని గురించే. ఆ తోటను రెండుసార్లు తయారుచేయాల్సి వచ్చింది. మొదటిసారి పని 1858లో మొదలైంది, రెండోసారి 1980లో. మొదటి కథ అందరికీ తెలిసినదే, పుస్తకాల నిండా ఉంది. నాకు మాత్రం రెండోది ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. అయితే మొదటిది చెప్పకుండా రెండోది అర్థం కాదు.

1840ల నాటి న్యూయార్క్‌ను ఊహించండి. ఊరంతా దీవి దక్షిణపు కొసన కిక్కిరిసి ఉండేది. ఐరోపా నుంచి ఓడల కొద్దీ జనం వచ్చి దిగుతున్నారు. 1821కీ 1855కీ మధ్య జనాభా దాదాపు నాలుగింతలైంది. మధ్యమధ్య కలరా వచ్చి వాడలకు వాడలను ఊడ్చేసేది. కాస్త పచ్చదనం, కాస్త గాలి కావాలంటే జనం పడవెక్కి బ్రూక్లిన్ వెళ్లి, గ్రీన్‌వుడ్ శ్మశానంలో సమాధుల మధ్య కూర్చుని, తెచ్చుకున్నది తిని వచ్చేవారు. 1844లో విలియం కల్లెన్ బ్రయంట్ అనే కవి, తాను సంపాదకుడిగా ఉన్న ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో, ఊరికి ఒక పెద్ద తోట కావాలని రాశాడు. ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ అనే ఉద్యానవేత్త అదే మాటను ఇంకా గట్టిగా చెప్పాడు. డబ్బున్నవారికి లండన్, పారిస్ తోటలతో సరితూగాలన్న కోరిక ఉండనే ఉంది. 1853లో రాష్ట్ర శాసనసభ భూసేకరణకు చట్టం చేసింది. ఎంచుకున్నది ఊరికి దూరంగా, రాళ్లూ బురద మడుగులూ నిండిన నేల. ఇళ్ల స్థలాలుగా మంచి ధర పలికే నేల కాదు. అయినా ఆ భూమి కొనుగోలుకు అయిన ఖర్చు, తర్వాత 1867లో అమెరికా అలాస్కా మొత్తాన్ని రష్యా దగ్గర కొన్న 72 లక్షల డాలర్లను మించిపోయింది.

అయితే ఆ నేల ఖాళీగా లేదు. అక్కడ ఒక ఊరు ఉంది.

1825లో ఆండ్రూ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు, 25 ఏళ్లవాడు, బూట్లకు పాలిష్ వేసి బతికేవాడు, అక్కడ 3 స్థలాలు 125 డాలర్లకు కొన్నాడు. ఎపిఫనీ డేవిస్ అనే మరొకాయన 12 స్థలాలు కొన్నాడు. నల్లజాతివారి మెథడిస్టు చర్చి ఒకటి కొన్ని కొంది. అలా ఒక్కో ఇల్లూ చేరి సెనెకా విలేజ్ అయింది. ఇప్పటి లెక్కలో 82వ వీధి నుంచి 89వ వీధి దాకా, పార్కు పడమటి అంచున ఉండేది ఆ ఊరు. 1855 జనాభా లెక్కల నాటికి అక్కడ సుమారు 225 మంది ఉన్నారు. మూడింట రెండు వంతులు నల్లజాతివారు. మిగిలినవారిలో ఎక్కువమంది ఐర్లండు నుంచి వలస వచ్చిన పేదలు. 3 చర్చిలు, ఒక బడి, శ్మశానాలు ఉండేవి. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో. ఆ తర్వాత కూడా నల్లజాతి మగవాడు ఓటు వేయాలంటే 250 డాలర్ల విలువైన ఆస్తి చూపించాలి. తెల్లవారికి ఆ షరతు లేదు. కాబట్టి ఆ ఊళ్లో సొంత స్థలం ఉండడమంటే తలదాచుకోవడానికి నీడ దొరకడమూ, పౌరుడిగా లెక్కలోకి రావడమూ కూడా.

పత్రికలు వాళ్లను ఆక్రమణదారులని రాశాయి. వాళ్ల ఇళ్లను గుడిసెలన్నాయి. 1857లో ఊరిని ఖాళీ చేయించారు. ఆండ్రూ విలియమ్స్ తన ఇంటికీ 3 స్థలాలకూ 3,500 డాలర్లు అడిగితే 2,335 ఇచ్చారు. తోటకు తీసుకున్న మొత్తం నేల మీద నుంచి సుమారు 1,600 మందిని పంపించేశారు. సెనెకా విలేజ్ వాళ్లు మళ్లీ ఎక్కడా ఒక ఊరుగా కూడలేదు. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలవారు ఈ మాట వింటుంటే నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పరిహారం చేతికి వచ్చినా ఇరుగుపొరుగు తిరిగి రాదు.

నూరేళ్లకు పైగా ఆ ఊరి పేరెత్తినవారు లేరు. 1992లో రాయ్ రోజెన్‌జ్వైగ్, ఎలిజబెత్ బ్లాక్‌మార్ అనే ఇద్దరు చరిత్రకారులు ఈ పార్కు చరిత్ర రాస్తూ ఆ ఊరిని వెలుగులోకి తెచ్చారు. 1997లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ ఒక ప్రదర్శన పెట్టింది. 2011లో పురావస్తు పరిశోధకులు అక్కడ తవ్వితే ఒక ఇంటి రాతి పునాది, ఇనుప టీ కెటిల్, పింగాణీ పెంకులు, ఒక పిల్లవాడి తోలు చెప్పు బయటపడ్డాయి. కాగితాల మీద గుడిసెలని రాసిన చోట పింగాణీ పళ్లేల్లో భోజనం చేసిన కుటుంబాలున్నాయి. ఆ చెప్పు తొడుక్కున్న పిల్లవాడు ఎక్కడ పెరిగాడో, ఏమయ్యాడో. ఈ తోట అందాన్ని నేను ఎంత మెచ్చుకున్నా ఆ ప్రశ్నను పక్కన పెట్టి మెచ్చుకోలేను. పార్కును పునరుద్ధరించడం అంటే చెట్లనూ వంతెనలనూ బాగుచేయడం ఒక్కటే కాదు, ఈ ఊరికి పార్కు లోపల చోటివ్వడం కూడా అందులో భాగమే అని నమ్ముతాను. 2001 నుంచి అక్కడ ఒక ఫలకం ఉంది. 2019లో ఆ ఊరి ఇళ్లు, చర్చిలు, తోటలు ఏవి ఎక్కడుండేవో చెప్పే బోర్డులు కూడా పెట్టారు.

ఇక తోట సంగతికి వద్దాం. నమూనా కోసం 1857లో పోటీ పెట్టారు. 33 వచ్చాయి. 33వ నంబరుది గెలిచింది. దాన్ని గీసినవారు ఇద్దరు. ఫ్రెడరిక్ లా ఒల్మ్‌స్టెడ్ అప్పటికి ఆ స్థలంలోనే కూలీల పని చూసే పర్యవేక్షకుడు. అంతకుముందు వ్యవసాయం చేశాడు, పత్రికలకు రాశాడు. 1850లో ఇంగ్లండు వెళ్లినప్పుడు లివర్‌పూల్ దగ్గర బర్కెన్‌హెడ్ పార్కు చూశాడు. జనం డబ్బుతో జనం కోసం కట్టిన తోట అది. దొరలతో సమానంగా కూలివాళ్లు కూడా అందులో తిరగడం చూసి ముచ్చటపడి రాశాడు. రెండో ఆయన కాల్వర్ట్ వాక్స్, లండన్‌లో చదువుకున్న ఆర్కిటెక్టు. ఆయన్ను అమెరికాకు తెచ్చినవాడు డౌనింగే. ఆ డౌనింగ్ 1852లో ఆవిరి పడవకు నిప్పంటుకున్న ప్రమాదంలో పోయాడు. పోటీకి కలిసి నమూనా వేద్దామని ఒల్మ్‌స్టెడ్‌ను అడిగినవాడు వాక్స్. పేరు ఎక్కువగా ఒల్మ్‌స్టెడ్‌కే దక్కింది. వాక్స్‌కు దక్కాల్సినంత దక్కలేదని నా అభిప్రాయం.

వాళ్ల నమూనాలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది అడ్డరోడ్ల ఏర్పాటు. ఊరు రెండువైపులా పెరుగుతుంది, తూర్పు నుంచి పడమరకు బళ్లు పోవాలి, కాబట్టి తోటను కోస్తూ 4 రోడ్లు ఉండాల్సిందేనని పోటీలో షరతు ఉంది. వీళ్లిద్దరూ ఆ 4 రోడ్లనూ నేలమట్టం కంటే సుమారు 8 అడుగుల లోతుకు దించేశారు. వాటి మీదుగా వంతెనలు వేసి, వంతెనల మీద మట్టి పోసి చెట్లు నాటారు. పైన నడిచేవాడికి కింద రోడ్డున్నట్టే తెలియదు. అప్పటికి గుర్రపు బళ్లే తప్ప మోటార్లు పుట్టలేదు. ఇవాళ ఆ రోడ్ల మీద బస్సులు, ట్యాక్సీలు, అంబులెన్సులు పోతున్నాయి, తోట ముక్కలు కాలేదు. లోపల కూడా నడిచేవారికి ఒక దారి, గుర్రాలకు ఒక దారి, బగ్గీలకు ఒక దారి వేశారు. ఒకటి ఇంకొకదానికి అడ్డం రావలసిన చోట కిందుగానో మీదుగానో పోయేలా వంతెనలు కట్టారు. ఒక్కో వంతెనకు ఒక్కో రూపం.

1857లో అమెరికాలో బ్యాంకులు దివాలా తీసి పెద్ద మాంద్యం వచ్చింది. పని పోయిన వేలాది మంది ఈ తోట పనికి వచ్చారు. చాలామంది ఐరిష్ వాళ్లు, జర్మన్లు. పారలు, గడ్డపారలు, గుర్రపు బళ్లు. బండలు పగలగొట్టడానికి వాడిన తుపాకి మందు, తర్వాత అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరులో కాల్చినదానికంటే ఎక్కువని అంటారు. ఆ రాతినేలలో చెట్టు బతకాలంటే మంచి మట్టి కావాలి. ఇవాళ మనవాళ్లు వేల కుటుంబాలుగా స్థిరపడిన న్యూజెర్సీ నుంచే ఆ పైమట్టిని తెప్పించారు. బురద మడుగుల నీటిని లాగేయడానికి జార్జ్ వేరింగ్ అనే ఇంజనీరు నేల కింద మట్టి గొట్టాలు పరిపించాడు. 1858 డిసెంబరుకల్లా చెరువు ఒకటి సిద్ధమై, నీళ్లు గడ్డకట్టి, జనం మంచు మీద జారుతూ ఆడుకోవడానికి వచ్చారు. 1863లో ఉత్తరపు హద్దును 106వ వీధి నుంచి 110వ వీధికి జరిపారు. 1873లో బెథెస్డా ఫౌంటెన్ మీద దేవదూత కంచు విగ్రహం నిలబడింది. చేసినావిడ ఎమ్మా స్టెబిన్స్. ఊరికి ఇంత పెద్ద ప్రభుత్వ శిల్పం చేసే పని ఒక మహిళకు అప్పగించడం న్యూయార్క్‌లో అదే మొదలు. 1842లో క్రోటన్ నది నుంచి ఊరికి మంచినీళ్లు వచ్చినందుకు గుర్తుగా పెట్టారు దాన్ని. కలరాను చూసిన ఊరికి ఆ నీటి విలువ తెలుసు.

తర్వాతి వందేళ్లు త్వరగా చెప్పేస్తాను. పట్టణంలో ఖాళీగా కనిపించే నేల మీద అందరి కన్నూ పడుతుంది. మన హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలోనే శాసనసభ, జూబిలీ హాలు, పురావస్తు మ్యూజియం ఉన్న సంగతి మీకు తెలుసు. సెంట్రల్ పార్కులోనూ మెట్రోపాలిటన్ మ్యూజియం వచ్చి చేరి, ఏళ్ల తరబడి పెరుగుతూ పోయింది. 1892లో పడమటి అంచున గుర్రాల పరుగు దారి వేయడానికి ఏకంగా చట్టమే చేశారు. జనం మండిపడితే కొద్ది వారాల్లోనే రద్దుచేశారు. వాక్స్ 1895లో, ఒల్మ్‌స్టెడ్ 1903లో కన్నుమూశాక తోటను పట్టించుకునేవారు తగ్గారు. 1934లో మేయర్ లాగార్డియా పార్కుల బాధ్యత రాబర్ట్ మోజెస్‌కు అప్పగించాడు. ఆయన గట్టి పిండం. చచ్చిపోయిన చెట్లు తీయించాడు, పిల్లల ఆటస్థలాలు, బంతాట మైదానాలు కట్టించాడు. 1864 నుంచి షీప్ మెడో అనే పచ్చిక బయల్లో మేస్తున్న గొర్రెల మందను బ్రూక్లిన్‌కు పంపించి, గొర్రెల కొట్టాన్ని హోటలు చేశాడు. 1956లో ఆ హోటలుకు వచ్చేవారి కార్ల కోసం చెట్లు కొట్టి స్థలం చేయబోతే, పక్క వీధుల తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని బుల్డోజర్లకు ఎదురు నిలిచారు. మోజెస్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అక్కడ పిల్లల ఆటస్థలం వచ్చింది.

1970లకు వచ్చేసరికి తోట చచ్చిపోయే స్థితికి వచ్చింది. 1975లో న్యూయార్క్ నగరపాలన దివాలా అంచుకు చేరింది. పార్కులకు డబ్బు కోసేశారు. అప్పటి ఫొటోలు చూస్తే నమ్మబుద్ధి కాదు. షీప్ మెడోలో గడ్డిపరక లేదు, గాలి వీస్తే దుమ్ము. వంతెనల గోడల నిండా రంగు డబ్బాలతో రాసిన రాతలు. బెల్వెడియర్ అనే చిన్న కోట తలుపులు, కిటికీలు విరిగి పాడుబడింది. విరిగిన బెంచీలు, వెలగని దీపాలు. చీకటి పడితే లోపలికి అడుగుపెట్టడానికి జనం భయపడేవారు.

డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం అనుకోకూడదు. ఒక తోట ఎలా చస్తుందో కాస్త నిదానంగా చూడాలి. లక్షల మంది వచ్చే సభలు, కచేరీలు పచ్చిక మీద పెట్టారు. అన్ని పాదాల కింద మట్టి అణగిపోతుంది. మట్టి రేణువుల మధ్య గాలికీ నీటికీ ఉండాల్సిన సందులు మూసుకుపోతాయి. వేళ్లకు ఊపిరాడదు, గడ్డి చస్తుంది. వాన పడితే నీరు ఇంకదు, వాలు వెంట పరుగెత్తుతుంది, పోతూ పైమట్టిని కోసుకుపోతుంది. ఆ మట్టి వాననీటి తూములను పూడ్చేస్తుంది. తూము పూడితే నీరు దారి మీదికి ఎక్కుతుంది, దారి పగులుతుంది. మిగిలిన మట్టి చెరువులోకి చేరి పూడికై పేరుకుంటుంది, చెరువు లోతు తగ్గి నాచు పడుతుంది. జనం పగిలిన దారి వదిలి పక్కనున్న గడ్డి మీద నడుస్తారు, అక్కడా మట్టి అణగిపోతుంది. దీన్నంతా మొదట్లోనే ఆపగలిగే పని ఒకటుంది, తూములో ఆకులు ఎత్తేయడం. మన పల్లెల్లో చెరువు తూము కాడ నీరుకట్టు మనిషికి ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ మనిషే లేడు. పనివాళ్లను ముఠాలుగా ట్రక్కుల్లో ఎక్కించి, ఇవాళ ఒక చోట, రేపు ఇంకొక చోట దింపేవారు. చెత్త ఎత్తేవాడు చెత్త ఎత్తి పోతాడు, గడ్డి కోసేవాడు కోసి పోతాడు. ఫలానా వాలు నాది, ఫలానా తూము నాది అనుకునేవాడు ఎవరూ లేరు. తోట చావుకు అసలు కారణం అదేనని నా నమ్మకం.

ఎలిజబెత్ బార్లో అనే ఆవిడ టెక్సాస్ నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడింది. పట్టణ ప్రణాళిక చదివింది, 1972లో ఒల్మ్‌స్టెడ్ మీద పుస్తకం రాసింది. 1976లో న్యూయార్క్ పత్రికలో ఆవిడ ఒక వ్యాసం రాసింది. మీ సమయంతోనో మీ డబ్బుతోనో ఈ పార్కును కాపాడే 32 మార్గాలు ఇవీ అని చెప్పింది. చదివినవాళ్లు చెక్కులు పంపించారు, మేం వచ్చి పనిచేస్తామని రాశారు. 1979లో మేయర్ ఎడ్ కాచ్, పార్కుల కమిషనర్ గోర్డన్ డేవిస్ కలిసి ఆవిడను సెంట్రల్ పార్కుకు మొట్టమొదటి అడ్మినిస్ట్రేటర్‌గా నియమించారు. అంతవరకూ ఆ 843 ఎకరాలకు బాధ్యురాలు, బాధ్యుడు అని చెప్పదగ్గ ఒక్క మనిషీ లేడు. మరుసటి ఏడాది, 1980లో, సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ అనే సంస్థ పుట్టింది. నేల నగరానిదే. చందాలు పోగుచేసి తోటను బాగుచేయడం ఈ సంస్థ పని.

షీప్ మెడోతో మొదలుపెట్టారు. అణగిపోయిన నేలను బాగుచేసి, నీటి గొట్టాలు వేసి, కొత్త పచ్చిక పరిచారు. చుట్టూ కంచె వేశారు. కంచె అనగానే విమర్శలు వచ్చాయి, జనం పార్కుకు కంచె ఏమిటని. తర్వాత అక్కడ కచేరీలూ, బంతాటలూ ఆపేశారు. కూర్చోండి, పడుకోండి, చదువుకోండి అన్నారు. నలభై ఏళ్లు దాటింది, ఆ గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. 1983లో బెల్వెడియర్ కోట తెరుచుకుంది. ఆ లోపు మరో పని జరుగుతోంది, కళ్లకు కనిపించని పని. ఎక్కడ నీరు నిలుస్తోంది, ఎక్కడ వాలు కోసుకుపోతోంది, ఏ చెట్టు ఎలా ఉంది, జనం ఏ దారిన నడుస్తున్నారు, ఏ దారిన నడవడానికి భయపడుతున్నారు అని అంగుళం అంగుళం పరిశీలించి రాసుకున్నారు. ఆ పరిశీలన మీద 1985లో మొత్తం పార్కుకు ఒక ప్రణాళిక తయారైంది. ఒల్మ్‌స్టెడ్ గీసినట్టే అచ్చంగా మళ్లీ కట్టాలని వాళ్లు పట్టుబట్టలేదు. మోజెస్ కట్టిన ఆటస్థలాల్లో పిల్లలు ఆడుకుంటున్నారు, వాటిని ఉంచారు. నీటి దారులను, చూపు సాగే దారులను మాత్రం పాత నమూనా ప్రకారం తిరిగి తెరిచారు. ఇది సరైన వివేకమని అనుకుంటాను.

కొన్ని పనులకు దశాబ్దాలు పట్టాయి. బెథెస్డా ఫౌంటెన్ ఎదురుగా మెట్ల కింద ఒక మంటపం ఉంది. దాని పైకప్పుకు ఇంగ్లండులోని మింటన్ కంపెనీ చేసిన 15,000కు పైగా రంగురంగుల పింగాణీ పలకలు వేలాడతాయి. జేకబ్ రే మోల్డ్ గీసిన ముగ్గులవి. నీరు కారి, పలకలను పట్టి ఉంచిన ఇనుము తుప్పుపట్టడంతో 1980లలో వాటిని దించేసి దాచారు. ఇరవై ఏళ్ల తర్వాత గానీ డబ్బూ, పనితనమూ కుదరలేదు. ఒక్కో పలకా చేత్తో శుభ్రం చేసి, పగిలినవాటి స్థానంలో కొత్తవి చేయించి, 2007లో తిరిగి ఎక్కించారు. దాని పక్కనే మాల్ అనే విశాలమైన నడక దారికి ఇరువైపులా అమెరికన్ ఎల్మ్ చెట్లు పందిరిలా అల్లుకుని ఉంటాయి. బెరడు పురుగు మోసుకొచ్చే శిలీంద్రపు తెగులు ఒకటి అమెరికా అంతటా ఈ జాతి చెట్లను కోట్ల కొద్దీ చంపేసింది. ఇక్కడివి చాలావరకు ఎందుకు బతికాయంటే, వేసవిలో మనుషులు వాటి కొమ్మలను కనిపెట్టి చూస్తూ, ఆకు వాడి పసుపుబారిన కొమ్మ కనిపించగానే కోసేస్తారు. ఒక్క వేసవి ఆ చూపు తప్పితే ఆ వరస నిలవదు.

1995 నుంచి 1997 దాకా గ్రేట్ లాన్ అనే పెద్ద పచ్చిక బయలును మూసి తిరిగి చేశారు. 1 కోటి 82 లక్షల డాలర్లు ఖర్చయింది. ఒకప్పుడు అది ఊరి మంచినీళ్ల చెరువు. దాన్ని ఎండబెట్టాక, 1930ల మాంద్యంలో ఇళ్లు పోయినవారు అక్కడ రేకులతో గుడిసెలు వేసుకున్నారు. 1982 జూన్ 12న అణ్వాయుధాలకు వ్యతిరేకంగా దాదాపు పది లక్షల మంది చేరింది కూడా ఆ బయల్లోనే.

ఆ 1990లలోనే డగ్లస్ బ్లాన్‌స్కీ అనే అధికారి మొదలుపెట్టిన ఏర్పాటు ఒకటి ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పార్కును 49 మండలాలుగా విడగొట్టారు. ఒక్కో మండలానికి ఒక తోటమాలి. ఆ మండలంలో గడ్డి, పొదలు, బెంచీలు, తూములు, చెత్తబుట్టలు, అన్నిటికీ ఆ మనిషే జవాబు చెప్పాలి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ఆ తోటమాలి చేతి కింద పనిచేస్తారు. రోజూ అక్కడికి నడకకు వచ్చేవాళ్లు ఆయన్నో ఆవిడనో పేరుపెట్టి పిలుస్తారు. గోడ మీద రాత కనిపిస్తే 24 గంటల్లో చెరిపేయాలి. రాత నిలవదని తెలిస్తే రాసేవాడికి ఉత్సాహం పోతుంది. చిన్న విషయంలా ఉంటుంది. పెద్ద పెద్ద విరాళాలతో కట్టినవన్నీ నిలబడి ఉన్నది ఈ చిన్న విషయం మీదే.

ఈ పద్ధతిలో మనసును ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి, చెప్పాలి. పార్కు ఖర్చులో ఎక్కువ భాగం కన్సర్వెన్సీ చందాల నుంచే వస్తుంది. చుట్టూ ఉన్నవి ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఇళ్లు. 2012లో జాన్ పాల్సన్ అనే ఆర్థిక వ్యాపారి ఒక్కడే 10 కోట్ల డాలర్లు ఇచ్చాడు. మరి బ్రాంక్స్‌లోనో, క్వీన్స్‌లోనో పేదవాడల మధ్య ఉన్న తోటకు అంత ఎవరిస్తారు? ధనిక పార్కుల సంస్థలు తమ రాబడిలో 20 శాతం పేదవాడల పార్కులకు ఇవ్వాలని 2013లో డేనియల్ స్క్వాడ్రన్ అనే రాష్ట్ర సెనేటర్ బిల్లు పెట్టాడు. అది నెగ్గలేదు. నెగ్గివుంటే బాగుండేదని నా అభిప్రాయం. ఇంకొకటి, 2004లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించేవారు గ్రేట్ లాన్‌లో సభ పెట్టుకుంటామంటే పచ్చిక పాడవుతుందని నగరం అనుమతి ఇవ్వలేదు. దాని మీద కోర్టులో వ్యాజ్యం 2008 దాకా నడిచింది. నేలను కాపాడాలన్న ఆతృత నాకు అర్థమవుతుంది. ఆ నేల మీద జనం గుమికూడి తమ మాట చెప్పుకునే హక్కు గడ్డి కంటే పెద్దదని కూడా అనుకుంటాను. అందుకే మళ్లీ నాటగల గడ్డి విషయంలో కాస్త ఉదారంగా ఉండాలి.

చివరగా ఉత్తరపు కొస గురించి. అక్కడ పార్కును ఆనుకుని హార్లెం ఉంది, నల్లజాతివారి వాడ. పాడుబడిన రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ పాడైంది ఆ కొసే, బాగుచేయడంలో ఆలస్యమైందీ అక్కడే. హార్లెం మీర్ అనే చెరువు చుట్టూ వేసిన సిమెంటు గట్టును తీసేసి, పూడిక తోడి, 1993లో దాన్ని తిరిగి తెరిచారు. దానికి ఎగువన 1966లో కట్టిన లాస్కర్ అనే ఈత కొలను, మంచు మైదానం ఉండేవి. ఆ కట్టడం వాగు మీదికి ఎక్కి కూర్చుంది. వాగు నీరు చెరువును చేరాలంటే నేల కింది గొట్టంలోంచి పోవాల్సి వచ్చేది. గట్టి వాన వస్తే నీరు ఎగదన్ని ముంచెత్తేది. దాన్ని పూర్తిగా పడగొట్టి, వాగును మళ్లీ వెలుతురులోకి తెచ్చి, కొత్త భవనాన్ని పక్కనున్న గుట్ట వాలులో ఒదిగించి కట్టారు. పైకప్పు మీద పచ్చిక పెంచారు. సుమారు 16 కోట్ల డాలర్ల పని. 2025 ఏప్రిల్‌లో తెరిచారు. ఇప్పుడు హార్లెం పిల్లలు ఒకే చోట వేసవిలో ఈత కొడతారు, చలికాలంలో మంచు మీద జారతారు, మధ్య నెలల్లో దాని మీద పచ్చిక పరిస్తే బంతి ఆడుకుంటారు. వాగు వాళ్ల పక్కనుంచే పోయి మీర్‌లో కలుస్తుంది.